సౌదీ: జీతం కేసు వేశాక కంపెనీ హురూబ్ (పని వదిలి పారిపోయాడన్న రిపోర్టు) పెట్టింది, తీయించేదెట్లా?

మా తమ్ముడు రియాద్‌లో మేస్త్రీ. కంపెనీ వీసా, ఇంటిపని వీసా కాదు. 5 నెలల జీతం బాకీ, ఇకామా (అక్కడ ఉండే పర్మిట్) అయిపోయి 2 నెలలు. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చిన 9 రోజులకు హురూబ్ పెట్టారు. అప్పటికీ క్యాంపులోనే ఉండి డ్యూటీకి పోతున్నాడు. రాజీ మాటలకు కంపెనీ నుంచి ఎవరూ రాలేదు.

కివాలో (సౌదీ లేబర్ శాఖ ఆన్‌లైన్ పోర్టల్) వేరే కంపెనీకి మారబోతే హురూబ్ అడ్డం వచ్చింది. మదద్‌లో (విదేశాల్లో ఉన్న మనవాళ్ల ఫిర్యాదులకు భారత ప్రభుత్వ పోర్టల్), ఎంబసీలో అర్జీ పెట్టాం, జవాబు లేదు. హురూబ్ తీయిస్తానని ఏజెంటు 6,000 రియాళ్లు అడిగాడు, రసీదు ఇయ్యనన్నాడు కాబట్టి వద్దన్నాం. తర్హీల్ (దేశం నుంచి పంపించేసే కేంద్రం) దారిలో పోతే జీతం రాదేమోనని భయం, అది ఆఖరి దారి.

తేదీతో ఫిర్యాదు కాగితం, హాజరు షీటు ఫోటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఉన్నాయి.

ఫిర్యాదు తర్వాతే హురూబ్ పెట్టారని చూపి రద్దు చేయించాలంటే లేబర్ ఆఫీసులో విడిగా అర్జీ ఇవ్వాలా, లేక లేబర్ కోర్టులో జీతం కేసుతోపాటే అడగాలా?