పాత ఫొటోకి ఏ జిల్లా ట్యాగ్ పెట్టాలి?

విజయనగరం నుంచి:
ఇళ్లలో దొరికిన పాత ఫొటోలు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెడుతున్నాం. పార్వతీపురం బజారు ఫొటో ఒకటి వచ్చింది, వెనకాల ఇంకుతో 1968 అని ఉంది. ఒకరు శ్రీకాకుళం అని ట్యాగ్ చేశారు. ఇంకొకరు అది తీసేసి పార్వతీపురం మన్యం అని పెట్టారు. ఎవరికి తోచింది వాళ్లు పెట్టొచ్చా, ఒక జాబితా ఇచ్చి అందులోంచే ఎంచుకోమనాలా?

రాజాం మాస్టారు:
జాబితా ఉండాల్సిందే. మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు నృత్యం వీడియోని ఒకరు జానపదం అంటారు, ఒకరు భక్తి అంటారు. వ్యూస్ కోసం సినిమా హీరో పేరు తగిలించేవాళ్లు సరేసరి. స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్‌లో ప్రశ్నకి 5 ట్యాగులే. కొత్త ట్యాగ్ పుట్టించాలంటే మంచి ప్రశ్నలకీ జవాబులకీ వచ్చే రెప్యుటేషన్ పాయింట్లు 1500 ఉండాలి. అందుకే అక్కడ వెతికింది దొరుకుతుంది. జిల్లా అంటే ఇప్పటి జిల్లాయే పెట్టాలి.

బొబ్బిలి నుంచి:
మాస్టారూ, హీరో పేర్లు తీసేయాల్సిందే. కానీ ఇప్పటి జిల్లా ఒక్కటే చాలంటే ఒప్పుకోలేను. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడేదాకా పార్వతీపురం, మా బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేవి. మన్యం జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న. ఆ బజార్లో నిలబడ్డాయన ఉత్తరం రాస్తే శ్రీకాకుళం జిల్లా అనే రాసుంటాడు. ఆయన మనవరాలు వెతికేది ఆ ఉత్తరంలో చూసిన పేరుతోనే. మీ రాజాం కూడా 2022 దాకా సిక్కోలు (శ్రీకాకుళం) జిల్లాయే కదా!

ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే కథల సైట్‌లో రాసినవాళ్లు తమకు నచ్చిన ట్యాగ్ పెట్టుకుంటారు. వాలంటీర్లు దాన్ని చెరపరు, ఒకే అర్థం వచ్చేవాటిని వెనకాల కలుపుతారంతే. ఏ పేరుతో వెతికినా అన్నీ వస్తాయి. మనమూ శ్రీకాకుళం, సిక్కోలు, బ్రిటిష్ వాళ్ల చికాకోల్ మూడింటినీ అలా కలుపుదాం. విజయనగరంతోనే జాగ్రత్తగా ఉండాలి. ఆ ఒక్క మాటే పెడితే విజయనగర సామ్రాజ్యపు హంపీ ఫొటోలు వచ్చి కలుస్తాయి. విజయనగరంజిల్లా అని కలిపి రాయాలి, హ్యాష్‌ట్యాగ్‌లో ఖాళీ వదిలితే అక్కడికే తెగిపోతుంది.

రాజాం మాస్టారు:
బాగానే ఉంది బాబూ, ఆ కలిపే పని ఎవరు చేస్తారు? నెల తిరిగేసరికి అందరూ వదిలేస్తారు.

బొబ్బిలి నుంచి:
నేను చేస్తాను మాస్టారూ, ఆదివారాలు కూర్చుంటాను. ఏడాది తెలిసిన ఫొటోకి అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ ఉంచుదాం. వంగర, సంతకవిటి వైపు ఊళ్ల పాత పేర్లు నాకంటే మీకే బాగా తెలుసు. అవి రాసి పంపండి.