అప్‌డేట్: సొంత ఫ్రేమ్‌లో పల్సర్ 150 ఇంజన్, చైన్ ఊడిపోయే సమస్య తీరింది

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. కొత్తగా చూసేవాళ్ల కోసం: పల్సర్ 150 ఇంజన్‌ని పైపులతో చేయించిన ఫ్రేమ్‌లో పెట్టాం. థర్డ్ గేర్ దాటగానే చైన్ ఊడిపోయేది.

"ముందుగా రెండు స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) ఒకే లైన్‌లో ఉన్నాయో లేదో చూడండి" అన్నవాళ్ల మాటే నిజమైంది. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని చేసే పెద్దాయన వెనక స్ప్రాకెట్ ముఖానికి పొడవాటి స్టీల్ పట్టీ ఆనించి ముందుకు చూపించారు. ఇంజన్ స్ప్రాకెట్ 6 మిల్లీమీటర్లు లోపలికి ఉంది. వెనక వెడల్పు టైరు వేయడంతో అక్కడి స్ప్రాకెట్ బయటికి జరిగిందట. దాని పళ్లు ఒక పక్కే అరిగి, వేలితో తడిమితే బ్లేడులా తగిలాయి.

ఇంజన్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే మౌంటింగ్ ప్లేట్లు కోసి ఇంజన్‌ని ఎడమకి జరిపారు. ముందు అక్కడక్కడా చిన్న చుక్కల్లా వెల్డింగ్ పెట్టి, పట్టీతో మళ్లీ చూసి, బోల్టులు చేత్తోనే దూరుతున్నాయని తేలాకే పూర్తి వెల్డింగ్. అదీ ఒకే చోట కాకుండా అటూ ఇటూ మార్చి వేశారు, లేకపోతే వేడికి ప్లేటు వంకరపోతుంది. బ్యాటరీ వైర్లు, సీడీఐ (ప్లగ్‌కి స్పార్క్ ఇప్పించే ఎలక్ట్రానిక్ బాక్స్) వెల్డింగ్‌కి ముందే పీకేశారు. ఈ పని చూస్తుంటే నాకు భలే ముచ్చటేసింది.

కొత్త చైన్, టెన్షనర్ (చైన్ బిగువు ఉంచేది), స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) బుష్‌లకీ ఈ సమస్యకీ సంబంధం లేదు. అరిగిన స్ప్రాకెట్ మాత్రం మార్చాం.

రిజిస్ట్రేషన్ సంగతి అడిగారు కదా: మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఇలాంటి మార్పులతో రోడ్డెక్కడం కుదరదు. మా తోటలోనే నడుపుతున్నాం. ఇప్పుడు టాప్ గేర్‌లో కూడా చైన్ ఊడట్లేదు.