కుక్కని మ్యాచ్‌కి తీసుకెళ్లినవాళ్లు ఉన్నారా? (టెక్సస్‌లోని ఫ్రిస్కో, బేస్‌బాల్)

శ్రీను_ఫ్రిస్కో: ఇక్కడ మైనర్ లీగ్ (కింది స్థాయి బేస్‌బాల్) మ్యాచ్‌కి ఒక సాయంత్రం కుక్కల్ని రానిస్తున్నారు. మా ల్యాబ్రడార్‌ని తీసుకెళ్దామని పిల్లలు ప్రాణం తీస్తున్నారు. దానికి వేరే టికెట్ కొనాలా? సీట్లలోనా, పచ్చిక మీదా? చివర్లో బాణసంచా ఉందట, అందాకా ఉండొచ్చా? గుంటూరు నుంచి అత్తగారొచ్చారు, ఆవిడకి కుక్కంటే దడ.

చికాగో_చందు: మేం పాతకాపులం బాబూ. మా చికాగో బేస్‌బాల్ జట్టు వైట్ సాక్స్ వాళ్లు 1996 నుంచీ డాగ్ డే (కుక్కల్ని మ్యాచ్‌కి రానిచ్చే రోజు) చేస్తున్నారు. 2016 సెప్టెంబర్‌లో 1,122 కుక్కలొచ్చి గిన్నిస్ రికార్డు కొట్టాయి. అందులో మా జూలీ ఒకతి! మిగతా ఊళ్లవి దాని ముందు ఉత్త సంబరాలే.

ఉప్పల్_ఉదయ్: మాకు ఉప్పల్‌లో వాటర్ బాటిల్‌నే గేటు దాటనివ్వరు. మీరు కుక్కకి సీటు వెతుక్కుంటున్నారు. రాసిపెట్టి ఉండాలి.

విశాఖ_వీరాభిమాని: మా దగ్గర టికెట్ లేకుండానే వచ్చింది 😄 2016 ఇంగ్లండ్ టెస్ట్, మొదటి రోజు. కుక్క గ్రౌండ్‌లోకి దిగితే అంపైర్లు టీ ముందే ఇచ్చేశారు. పుజారా 97 మీద ఆగిపోయాడు. పాపం, సెంచరీ పాడుచేసింది.

తెనాలి_అంపైర్: ఏం పాడైంది? టీ తర్వాత ఇంగ్లండ్ బౌలర్ రషీద్‌ని సిక్స్ కొట్టి సెంచరీ పూర్తి చేశాడు. మ్యాచ్ 246 పరుగులతో మనదే. తెలిసి రాయండి.

విశాఖ_వీరాభిమాని: 97 మీద టీకి వెళ్లినవాడికి తెలుస్తుంది ఆ బాధ. మీకేం తెలుసు? అయినా కుక్కకి బంతి తగిలితే ఫోర్ ఇవ్వాలిగా, అదీ ఇవ్వరు.

తెనాలి_అంపైర్: నేను అంపైరింగ్ పరీక్ష పాసయ్యాను, నాకు చెప్పకండి. ఆటోమేటిక్ ఫోర్ అనేదేదీ లేదు. 2022 అక్టోబర్ నుంచి క్రికెట్ నిబంధన 20.4.2.12లో స్పష్టంగా ఉంది: మనిషో జంతువో లోపలికొచ్చి ఏ జట్టుకైనా నష్టం జరిగితే డెడ్ బాల్, అంటే ఆ బంతికి ఆట అక్కడితో ఆగినట్టే. కుక్క ఓ మూల పడుకుని ఎవరికీ అడ్డం కాకపోతే ఆట ఆగక్కర్లేదు.

విశాఖ_వీరాభిమాని: అంటే కుక్క మూల పడుకుందా లేదా అని మీరు కొలుస్తారా? అంపైర్లకి ఎవరో ఒకరి మీద అరవాలి, అంతే.

తెనాలి_అంపైర్: నష్టం జరిగిందా లేదా చూడటమే అంపైర్ పని. ఇంకో మాట అంటే మోడరేటర్‌కి చెప్తాను.

ఉప్పల్_ఉదయ్: అహ్మదాబాద్‌లో 2024 ఐపీఎల్ మ్యాచ్‌లో లోపలికొచ్చిన కుక్కని తన్ని తరిమారు. ఆ వీడియో చూసి కడుపు రగిలింది. ఇంతకీ కుక్కకి నష్టం జరిగితే ఏ నిబంధన అంపైర్‌గారూ?

డాక్టర్_వాణి_వెట్: మీ నిబంధనలు పక్కన పెడితే, శ్రీనుగారూ, బాణసంచాకి ముందే బయల్దేరండి. మనకి 20 వేల హెర్ట్జ్ దాటితే వినిపించదు, వాటికి 45 వేల దాకా వినిపిస్తుంది. బెదిరితే మెడ పట్టీ తల మీంచి లాగేసుకుని పారిపోతాయి, ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వేయండి. టెక్సస్ ఎండలో సిమెంటు మెట్లు సాయంత్రమైనా సెగ కక్కుతాయి. మీ అరచేతి వెనకభాగం ఆనించండి, కాసేపు కూడా పెట్టలేకపోతే దాని పాదాలూ తట్టుకోలేవు. వెళ్లేముందు రేబిస్ టీకా కాగితం చూసుకోండి, చాలాచోట్ల అడుగుతారు.

చికాగో_చందు: మా జూలీకి బాణసంచా అంటే ఏమీ కాదు. హోమ్ రన్ (మన సిక్స్ లాంటిది) కొట్టినప్పుడల్లా స్కోర్‌బోర్డు మీంచి బాణసంచా పేలుతుంది, జూలీ నా ఒళ్లో హాయిగా నిద్రపోతుంది. కుక్కని పెంచడంలో ఉంటుంది అంతా.

డాక్టర్_వాణి_వెట్: మీ కుక్క ఏ జాతి?

చికాగో_చందు: పగ్.

డాక్టర్_వాణి_వెట్: చెమట బదులు రొప్పి చల్లబడే జీవి, పైగా పొట్టి ముక్కు. ఎండలో అలా మత్తుగా పడుంటే పెంపకం గొప్పనుకోకండి, వడదెబ్బేమో చూడండి.

చికాగో_చందు: మా ఇంటి కుక్క గురించి మీరు చెప్పక్కర్లేదండీ.

పెరుగన్నం_పద్మ: ఉల్లిపాయ వేసిన హాట్‌డాగ్ మాత్రం ముట్టనివ్వకండి, ఉల్లి వాటికి విషం. నేనైతే చిన్న డబ్బాలో ఉప్పు లేని అన్నం తీసుకెళ్తా. మొన్న ముందు వరసాయన వేరుశనక్కాయల తొక్కలు కింద పారేస్తుంటే మా బ్రూనో ఒక్కోటీ ఏరి నమిలి, ఆయన బూటు మీదే కక్కింది. ఆయన నవ్వాడు కాబట్టి సరిపోయింది.

తెనాలి_అంపైర్: ఆయన నవ్వకపోతే డెడ్ బాల్.

విశాఖ_వీరాభిమాని: హమ్మయ్య, అంపైర్‌గారికి జోకులొచ్చు.

లక్ష్మి_ప్లేనో: ఎమోషనల్ సపోర్ట్ సర్టిఫికెట్ (మనసుకి ఊరట కోసం కుక్క తోడుండాలనే కాగితం) ఆన్‌లైన్‌లో తెచ్చుకుంటే ఏ రోజైనా తీసుకెళ్లొచ్చట కదా?

డాక్టర్_వాణి_వెట్: కుదరదమ్మా. ఇక్కడి చట్టం ప్రకారం ఏ రోజైనా రానివ్వాల్సింది సర్వీస్ డాగ్‌ని, అంటే వైకల్యం ఉన్నవాళ్లకి సాయపడే పని నేర్చిన కుక్కని. దానికి అసలు సర్టిఫికెటే అక్కర్లేదు. డబ్బులిచ్చి కొన్న కాగితానికి స్టేడియంలో విలువ లేదు, పైగా నిజంగా అవసరమున్నవాళ్లకి మీ వల్ల ఇబ్బంది.

లక్ష్మి_ప్లేనో: ఊరికే అడిగానండీ, అంత కోపమెందుకు. సరే, డిసెంబర్‌లో ఇండియా వెళ్తున్నాం, ప్లేనో దగ్గర కుక్కని నమ్మి వదిలిపెట్టే బోర్డింగ్ ఎవరికైనా తెలుసా?

ఉప్పల్_ఉదయ్: దానికి వేరే థ్రెడ్ పెట్టండక్కా, ఇక్కడ ఇంకా టీ అయ్యేలా లేదు.