పదేళ్ల అమ్మాయికి మొదటి రోడ్డు సైకిలు: ఇప్పటి కొలతకు కొనాలా, ఎదిగే కొలతకు కొనాలా?

చిన్నచక్రం:
మా అమ్మాయికి పదేళ్లు. ఎత్తు 138 సెం.మీ., బరువు 31 కిలోలు. గోడకు వీపు ఆనించి నిలబెట్టి కొలిస్తే కాళ్ల మధ్య నుంచి నేల వరకు 62 సెం.మీ. ఉంది. ఇప్పుడు తను తొక్కుతున్నది ముందు స్ప్రింగుల ఫోర్కు, లావు గరుకు టైర్లు ఉన్న 24 అంగుళాల సైకిలు. తూకం వేస్తే 14 కిలోలు తూగింది. నేను కొసలు కిందికి వంగి ఉండే వంపు హ్యాండిల్ రోడ్డు సైకిలు తొక్కుతాను కనుక తనకూ అలాంటిదే కావాలని మూడు నెలలుగా అడుగుతోంది. ఎక్కువ డబ్బు పెట్టే స్థితిలో నేను లేను. పిల్లల కోసమే తయారుచేసిన 24 అంగుళాల రోడ్డు సైకిలు కొత్తది కొనవచ్చు, కానీ అది ఖరీదు. పెద్దవాళ్ల సైకిళ్లలో అన్నిటికన్నా చిన్న ఫ్రేము ఉన్నది పాతది కొంటే నాలుగైదేళ్లు పనికొస్తుందంటున్నారు. ఇవేవీ లేకుండా ఉన్న సైకిలుకే వంపు హ్యాండిల్ బిగించడం అన్నిటికన్నా చవక. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాత ఫ్రేము:
సందేహించకుండా రెండో దారి పట్టండి. ఈ వయసు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు, కాబట్టి 24 అంగుళాల సైకిలు మీ ఇంట్లో రెండేళ్లకు మించి ఉండదు. పైగా 24 అంగుళాలు అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. మామూలు పిల్లల సైకిలు రిమ్ము వ్యాసం 507 మి.మీ. అయితే, కొన్ని రోడ్డు సైకిళ్లది 520, ఇంకొన్నిటిది 540 ఉంటుంది. ఒకదాని టైరు మరొకదానికి ఎక్కదు. పెద్దవాళ్ల రోడ్డు సైకిళ్లకు ఉండే 700సీ కొలత చక్రానికి టైరు, ట్యూబు దొరకడం ఎప్పుడూ కష్టం కాదు. సీటు పూర్తిగా దించి, హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే స్టెమ్ పొట్టిది వేసి ఇస్తే పిల్ల ఏడాదిలో దానికి సరిపోతుంది.

పాతది చూసేటప్పుడు చైను మీద స్కేలు పెట్టి కొలవండి. కొత్త చైనులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. అంగుళంలో పదహారో వంతు సాగితే చైను ఒక్కటి మారిస్తే చాలు, ఎనిమిదో వంతు సాగితే వెనుక పళ్ల చక్రాలు కూడా అరిగిపోయాయనే లెక్క. బోల్టు వదులు చేసి సీటు గొట్టం పైకి లాగితే కదలాలి. ఫ్రేములో బిగుసుకుపోయి ఉంటే ఆ సైకిలును అక్కడే వదిలేసి రండి.

ఎదురుగాలి:
చైను సంగతి బాగా చెప్పారు, కానీ పిల్ల సంగతి ఒక్క మాటా చెప్పలేదు. 700సీ చక్రానికి 25 మి.మీ. టైరు వేస్తే మొత్తం ఎత్తు 67 సెం.మీ. దాటుతుంది. అమ్మాయి కాలి కొలత 62. అంటే చక్రమే కాలి కన్నా ఎత్తు, ఫ్రేము పైగొట్టం ఇంకా పైన ఉంటుంది. సీటు ఎంత దించినా పైగొట్టం దిగదు. ఆగవలసి వచ్చినప్పుడు ఆ పిల్ల సైకిలును పక్కకు వాల్చి దూకాలి.

క్రాంకు, అంటే పెడల్ బిగించి ఉండే కడ్డీ, దాని పొడవు లెక్క కూడా చూడండి. పెద్దవాళ్ల సైకిళ్లకు సాధారణంగా 170 మి.మీ. క్రాంకు ఉంటుంది. 138 సెం.మీ. ఎత్తున్న పిల్లకు ఆ పొడవు ఇవ్వడమంటే, అదే నిష్పత్తిలో 175 సెం.మీ. ఎత్తున్న పెద్దమనిషికి 215 మి.మీ. క్రాంకు ఇవ్వడం. పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు మరీ పైకి లేస్తుంది. ఎత్తులో పదో వంతు అన్న మోటు లెక్క వేసినా తనకు 140 దగ్గర ఉండాలి.

వీటన్నిటికన్నా ముందు చూడవలసినది బ్రేకు. వంపు హ్యాండిల్ మీద పెద్దవాళ్ల కోసం చేసిన లీవరు పదేళ్ల పిల్ల వేళ్లకు అందదు. ఆగలేని సైకిలు ఎన్నేళ్లు పనికొస్తే ఏం లాభం?

ఏడో గేరు:
గేర్ల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను. 24 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 1.8 మీటర్లు వెళుతుంది. ముందు 42 పళ్లు, వెనుక 14 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకు 5.4 మీటర్లు వస్తుంది, నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు 26 కిలోమీటర్లు. ఈ వయసుకు అంతకు మించిన పెద్ద గేరు అక్కర్లేదు. పెద్దవాళ్ల సైకిలు మీద 50, 11 పళ్ల జోడీ అయితే ఒక చుట్టుకు 9.6 మీటర్లు లాగాలి. అంతర్జాతీయ పోటీల్లో 17, 18 ఏళ్ల వాళ్లకే 2022 చివరి వరకు 7.93 మీటర్ల పరిమితి ఉండేది. ఆ పరిమితిని 2023లో ఎత్తివేయడం నాకు ఇప్పటికీ నచ్చలేదు, అయితే అది వేరే చర్చ.

పాత ఫ్రేము:
ఎదురుగాలి గారూ, క్రాంకు మార్చుకోవచ్చు, గేర్లు మార్చుకోవచ్చు. ఇక బ్రేకు గురించి మీరు రాసినది సగం నిజం. చాలా లీవర్లలో లోపల చిన్న మర ఉంటుంది. దానిని తిప్పితే లీవరు హ్యాండిల్ దగ్గరికి వస్తుంది. మర లేని వాటికి చిన్న ముక్క అడ్డం పెట్టి దగ్గరికి తేవచ్చు. అదీ చాలకపోతే హ్యాండిల్ పైభాగాన అదనపు లీవర్లు బిగించవచ్చు. అవి అదే తీగ మీది తొడుగును మధ్యలో నెట్టి బ్రేకు పడేలా చేస్తాయి కాబట్టి చేతులు పైన పెట్టుకుని కూడా బ్రేకు వేయవచ్చు. పరిష్కారం ఉన్న సమస్యను చూపించి మనుషులను భయపెట్టడం ఎందుకు?

ఎదురుగాలి:
మర తిప్పితే లీవరు దగ్గరికి వస్తుంది నిజమే, కానీ దానితోపాటు లీవరు తిరిగే దూరం తగ్గుతుంది. తీగ కొంచెం సాగినా, బ్రేకు రబ్బరు కొంచెం అరిగినా లీవరు వెళ్లి హ్యాండిల్‌కు ఆనుకుంటుంది, సైకిలు మాత్రం ఆగదు. మీరు ఆ మర తిప్పి, పిల్ల చేతికిచ్చి, దిగుడులో ఎప్పుడైనా చూశారా?

పాత ఫ్రేము:
చూశాను. తీగ బిగిస్తే సరిపోతుంది. అరిగిన రబ్బర్లు మార్చని ఇంట్లో ఏ సైకిలు కొన్నా ప్రమాదమే.

గ్రీజు చేతులు:
మీ ఇద్దరూ రెండో దారిలోనే నిలబడిపోయారు. మూడో దారి గురించి నేను చెబుతాను, ఎందుకంటే అలాంటి ప్రయోగాలు చేసి ఆ తర్వాత సరిచేయమని తెచ్చిన సైకిళ్లు చాలా చూశాను. ఇప్పుడున్న సైకిలుకు పొడుగు చేతుల వీ బ్రేకు ఉండి ఉంటుంది. దానికి ఎక్కువ తీగ లాగే లీవరు కావాలి, వంపు హ్యాండిల్ లీవర్లు తక్కువ తీగ లాగుతాయి. రెంటినీ కలిపితే రబ్బర్లను రిమ్ముకు దాదాపు తగిలేలా పెడితే తప్ప బ్రేకు పడదు, చక్రం కాస్త వంకర తిరిగిందంటే రాసుకుంటూ తిరుగుతుంది. చేతులు పొట్టిగా ఉండే చిన్న వీ బ్రేకులు వేస్తే కుదురుతుంది, కానీ గేర్ల మీటలు కూడా మార్చాలి. వీటికి తోడు, సూటి హ్యాండిల్ మీద పట్టు ఉండే చోటుకన్నా వంపు హ్యాండిల్ మీద పట్టు కనీసం 10 సెం.మీ. ముందుకు పోతుంది. ఆ ఫ్రేమును సూటి హ్యాండిల్ కోసమే పొడుగ్గా చేశారు కనుక పిల్ల దాదాపు పడుకుని తొక్కాలి. అన్నీ కలిపితే చవక అన్న మాట నిలబడదు.

చిన్నచక్రం:
గ్రీజు చేతులు గారికి ధన్యవాదాలు. నిన్ననే హ్యాండిల్ కొనబోయి ఆగాను. మూడో దారి వదిలేస్తున్నాను. మిగిలిన రెంటిలో ఏదో తేల్చుకోవాలి.

ఎదురుగాలి:
మీరు తేల్చుకునే ముందు ఒక్క విషయం చెప్పనివ్వండి. నాకు పదకొండేళ్లప్పుడు మా అన్నయ్య సైకిలు ఇచ్చారు. "ఎదుగుతావులే" అన్నారు. కూర్చుంటే వేళ్ల కొసలు మాత్రమే బ్రేకుకు తగిలేవి, దిగుడులో గట్టిగా పట్టుకోలేక గోడకు గుద్దుకున్నాను. రెండు ముందు పళ్లు పోయాయి. ఇంట్లో ఎవరూ సైకిలు పెద్దదైందని అనలేదు, వీడికి తొక్కడం రాదన్నారు. ఆ మాట నమ్మి ముప్పై ఏళ్లు దాటే వరకు నేను మళ్లీ సైకిలు ఎక్కలేదు. కాబట్టి "ఏడాదిలో సరిపోతుంది" అని ఎవరైనా తేలిగ్గా రాస్తే నాకు కోపం వస్తుంది. ఆ ఏడాది పొడుగునా దాని మీద కూర్చునేది రాసిన మనిషి కాదు.

పాత ఫ్రేము:
మీకు జరిగినదానికి బాధగానే ఉంది. అయితే మీ పళ్లు పోయాయి కాబట్టి లోకంలో ప్రతి తండ్రీ రెండేళ్లకోసారి కొత్త సైకిలు కొనాలనడం ఏ న్యాయం? ప్రశ్న అడిగినవారు డబ్బు లేదని మొదటే రాశారు. అది చదవకుండా కొలతల పాఠం చెప్పడం, జేబు నిండుగా ఉన్నవాళ్ల మాటలా ఉంది.

ఎదురుగాలి:
పిసినారితనానికి పొదుపు అని పేరు పెట్టి, దాని భారం పిల్ల మోకాళ్ల మీద వేయడం కన్నా అది నయం.

నిర్వాహకులు:
ఇద్దరికీ మనవి. సైకిలు గురించి రాయండి, ఒకరి జేబు గురించి ఇంకొకరు రాయవద్దు. ఇంకొక్కసారి ఇలా జరిగితే చర్చను మూసివేస్తాం.

మెల్లగా:
ఇంతసేపు చదివాక నాకొక సందేహం మిగిలింది. చిన్నచక్రం గారూ, మీ అమ్మాయి వంపు హ్యాండిల్ కావాలని అడిగిందా, లేక మీ వెంట రాగలగాలని అడిగిందా?

చిన్నచక్రం:
మీరు అడిగాక తననే అడిగాను. "నువ్వు ముందుకు వెళ్లిపోతావు, నేను వెనక ఉండిపోతున్నాను, నీ సైకిలు అలా ఉంది కాబట్టే కదా" అంది. హ్యాండిల్ ఆకారం మీద తనకేమీ పట్టుదల లేదని నాకు ఇప్పుడే తెలిసింది. మూడు నెలలుగా నేను కూడా అడగలేదు.

గ్రీజు చేతులు:
అయితే ముందు టైర్లు మార్చండి. 507 రిమ్ముకు 32 మి.మీ. దగ్గర నున్నటి టైర్లు దొరుకుతాయి. పాతవాటి గరుకు నేలను పట్టి లాగడం పోతుంది, బరువూ కొంత తగ్గుతుంది. టైరు పక్కన రాసిన గరిష్ఠ ఒత్తిడి దాకా గాలి కొట్టవద్దు, 31 కిలోల పిల్లకు అంత గాలి పెడితే ప్రతి గులకరాయికీ చక్రం ఎగురుతుంది. స్ప్రింగుల ఫోర్కు బదులు మామూలు ఫోర్కు వేస్తే తేడా ఇంకా తెలుస్తుంది. 31 కిలోల పిల్ల 14 కిలోల సైకిలు తొక్కడమంటే, 70 కిలోల మనిషి 31 కిలోలకు పైన బరువున్న సైకిలు తొక్కడం. వెనకబడక ఏం చేస్తుంది?

పాత ఫ్రేము:
ఒక విషయం నేనూ చెప్పాలి, లేకపోతే నా మాటలు అర్థం కావు. ఎదురుగాలి గారు చెబుతున్నట్టే నేను మూడేళ్ల క్రితం చేశాను. మా అబ్బాయికి తొమ్మిదేళ్లప్పుడు కొలత చూసి, క్రాంకు చూసి, తేలికైన 24 అంగుళాల రోడ్డు సైకిలు కొన్నాను. వాడు నాలుగు నెలలు తొక్కాడు. తర్వాత స్నేహితులంతా లావు టైర్ల సైకిళ్ల మీద మట్టిదారుల్లో తిరుగుతుంటే వాడికి ఇది వద్దనిపించింది. అమ్మబోతే సగం ధర కూడా రాదన్నారు. ఆ రోజు నుంచి అది గోడకు వేలాడుతోంది. దాని కింద నుంచి వెళ్లిన ప్రతిసారీ తప్పు సైకిలు కొన్నానని అనుకున్నాను. పెద్దది కొని ఉంటే కనీసం నేనో మా ఆవిడో తొక్కేవాళ్లమని లెక్క వేసుకున్నాను. నా గొడవ కొలతతో కాదనుకుంటాను. పిల్లల ఇష్టం ఎన్నాళ్లుంటుందో తెలియనప్పుడు ఎంత డబ్బు పెట్టాలన్నదే నా ప్రశ్న, దానికి ఇక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు.

ఎదురుగాలి:
దానికి నా దగ్గరా జవాబు లేదు. నేను మాట్లాడింది పిల్ల భద్రత గురించి, మీరు మాట్లాడింది పోయిన డబ్బు గురించి. ఇద్దరం బ్రేకు లీవరు మీద కొట్టుకున్నాం. పిసినారితనం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ నాలుగు నెలలు మీ అబ్బాయి సంతోషంగా తొక్కాడా?

పాత ఫ్రేము:
తొక్కాడు. అది కాదనలేను.

చిన్నచక్రం:
నున్నటి టైర్లు వేసి పది రోజులైంది. నిన్న మామూలుగా తిరిగే దారిలో మూడు ఎత్తులకు గాను రెండు ఎత్తుల మీద నా పక్కనే వచ్చింది. మూడోదాని మీద దిగి నడిపించుకుంది కానీ, ఫిర్యాదు చేయలేదు. ఈ ఏడాది ఇలాగే సాగించి, ఆ ఇష్టం నిలబడితే అప్పుడు తేలికైన సైకిలు వాడినది చూస్తాను.

పాత ఫ్రేము:
చిన్నచక్రం గారూ, వాడినదే చూస్తానంటే నా గోడ మీద ఉన్నదాన్ని చూడండి. బరువు 9 కిలోల లోపు, క్రాంకు 145. ధర గురించి మీరే చెప్పండి, నేను బేరమాడను. దాని రిమ్ము 520 కనుక మీరు కొత్తగా కొన్న టైర్లు దానికి ఎక్కవు, ఈ సంగతి ముందే చెబుతున్నాను.

ఎదురుగాలి:
అమ్మాయి ఎక్కే ముందు లీవరుకూ హ్యాండిల్‌కూ మధ్య దూరం ఎంత ఉందో కొలిచి ఇక్కడ రాయగలరా?

పాత ఫ్రేము:
కొలిచాను. 60 మి.మీ. ఉంది. మర ఇంకా రెండు చుట్లు తిరుగుతుంది, తిప్పి, తీగ బిగించి, మళ్లీ కొలిచి రాస్తాను.