అప్‌డేట్: మైకాన్స్ తీగ ఆకులు పసుపెక్కడం, కారణం దొరికింది

వానల్లో అడిగాను కదా, కూకట్‌పల్లి ఫ్లాట్‌లో హాల్లో వేలాడదీసిన ఫిలోడెండ్రాన్ మైకాన్స్ (మఖ్మల్ లాంటి ఆకులుండే ఇండోర్ తీగ మొక్క) ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయని. అందరికీ థ్యాంక్స్. "కుండీలోంచి తీసి వేర్లు చూడండి" అన్నవాళ్ల మాటే నిజమైంది. మొక్క ఉత్తి కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొడి) ఉంది, పైన పొడిగా కనిపిస్తోందని నేను రోజూ నీళ్లు పోశాను, లోపల మాత్రం పిండితే కారేంత తడి, వేరు పట్టుకుంటే పైతోలు ఊడి సన్నటి దారం మిగిలింది. కుళ్లినవి కత్తిరించేసి, పెర్లైట్ (నీరు నిలవకుండా కలిపే తేలికైన తెల్లటి గుళికలు), బొగ్గు ముక్కలు కలిపి చిన్న కుండీలోకి మార్చాను. కణుపుతో కోసిన నాలుగు ముక్కలు సీసా నీళ్లలో పెడితే వాటికీ తెల్లటి వేర్లొచ్చాయి. ఇప్పుడు వేలు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు. బోరు నీళ్లో, ఏసీ గాలో కారణమేమో అని పడ్డ టెన్షన్ అంతా వేస్ట్. వేపనూనె కూడా అనవసరంగా కొట్టాను, ఆ మఖ్మల్ ఆకుల మీద మరకలు మిగిలాయి. నిన్న కొత్త ఆకు రాగి రంగులో విచ్చుకుంది.