డాలస్ చలిలో మామిడి: నేలలో నాటాలా, కుండీలోనే ఉంచాలా?

ఫ్రిస్కో_పెరడు:
టెంక నుంచి మొలిచిన బంగినపల్లి. వయసు రెండేళ్లు, ఎత్తు మూడడుగులు, 3 గాలన్ల కుండీలో ఉంది. కొత్త ఆకులు పసుపుగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ముదురు ఆకుల కొసలు మాడుతున్నాయి. మార్చిలో నేలలో నాటేయొచ్చా? లేకపోతే చలికాలం ఎలా గట్టెక్కించాలి?

అంటుకత్తి:
నేలలో వద్దండీ. లేత మామిడి 30 డిగ్రీల దగ్గరే దెబ్బతింటుంది (అన్నీ ఫారెన్‌హీట్‌లోనే చెబుతున్నా). ముదురు చెట్టయితే 25 దాకా ఓర్చుకుంటుంది, అదీ కొన్ని గంటలే. 2021 ఫిబ్రవరిలో మన ఎయిర్‌పోర్ట్ దగ్గర మైనస్ 2కి పడిపోయింది. దుప్పట్లు, బల్బులు ఆపగలిగే చలి కాదది.

ఇంకో మాట. బంగినపల్లి టెంకలో ఒకటే పిండం ఉంటుంది, అది వేరే చెట్టు పుప్పొడితో కలిసి ఏర్పడి ఉండొచ్చు, కాబట్టి తల్లి చెట్టు పండే కాస్తుందన్న నమ్మకం లేదు. కాపుకి అయిదారేళ్లయినా పడుతుంది. అలాగని పీకేయకండి, అంటుకి వేరుమొక్కగా పనికొస్తుంది. కాండం పెన్సిల్ మందమయ్యాక, రాత్రిళ్లు కూడా 70 దాటే రోజుల్లో అంటు కట్టండి. అంటుకి పికరింగ్ అనే మామిడి రకం కొమ్మ తీసుకుంటే కుండీకి మేలు: పొట్టిగా, గుబురుగా పెరుగుతుంది.

మట్టి_మనిషి:
ఆ పసుపు ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు, మన కుళాయి నీళ్లు క్షార గుణంవి కావడంతో వేరు దాన్ని తీసుకోలేదు. ఇనుము చిలేట్ (వేరు తీసుకోగలిగే రూపంలో ఉండే ఇనుము మందు) కొనేటప్పుడు డబ్బా మీద ఈడీడీహెచ్ఏ అని ఉందో లేదో చూడండి. ఈడీటీఏ రకం చవకే గానీ, మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; పెరిగేకొద్దీ క్షారం) 6.5 దాటితే పెద్దగా పనిచెయ్యదు.

కొసలు మాడడం చాలావరకు ఉప్పు పేరుకోవడం వల్లే. ఎండాకాలంలో నెలకోసారి, కుండీ పరిమాణానికి రెట్టింపు నీళ్లు నెమ్మదిగా పోసి అడుగు నుంచి పూర్తిగా కారనివ్వండి. వాన నీళ్లు పట్టుకోగలిగితే అంతకన్నా మంచిది.

కుండీ మార్చేటప్పుడు 3 నుంచి 7 గాలన్లకు వెళ్లండి, ఒకేసారి 25కి వద్దు. వేరు చేరని మట్టి తడిగా ఉండిపోయి కుళ్లు మొదలవుతుంది. పైన్ బెరడు ముక్కలు 3 పాళ్లు, పెర్లైట్ (తేలికపాటి తెల్ల రాతి గుళికలు) 1, కొబ్బరి పొట్టు 1 కలపండి. పెరట్లోని నల్లమట్టి పిడికెడు కూడా వద్దు.

ఫ్రిస్కో_పెరడు:
గరాజ్‌లో కిటికీ లేదు. నెలల తరబడి పెట్టొచ్చా?

అంటుకత్తి:
రెండు మూడు రోజులైతే చీకటి ఫరవాలేదు. రాత్రి 40 కిందికి పోతుందంటే లోపలికి, పగలు 50 దాటితే మళ్లీ ఎండలోకి. చక్రాల పలక కొనుక్కోండి, నడుము మిగులుతుంది. చలికాలంలో మట్టి రెండంగుళాల లోతు దాకా ఆరాకే నీళ్లు. చలికన్నా తడికి పోయే మొక్కలే ఎక్కువ.

మట్టి_మనిషి:
అలాగని హీటర్ పక్కన, హాల్లో పెట్టేయకండి. పూతకి కొన్ని వారాలు చల్లటి రాత్రులు కావాలి, వెచ్చగా ఉంటే ఆకు చిగురే వస్తుంది. అంటు కట్టాక మొదటి రెండేళ్లు పూత వస్తే తుంచెయ్యండి, కొమ్మ బలపడుతుంది. గరాజ్‌లో వెచ్చదనానికి దీపాలు పెడితే పాతకాలం ఫిలమెంట్ బల్బులే పెట్టాలి, ఎల్ఈడీ నుంచి వేడి దాదాపు రాదు. వరసగా లోపలే ఉన్న మొక్కని వసంతంలో బయటపెట్టేటప్పుడు వారం పది రోజులు నీడలో ఉంచి అలవాటు చెయ్యండి. నేరుగా ఎండలో పెడితే ఆకులు తెల్లగా కాలిపోతాయి.