సమ్మతి పత్రంలో ‘నయం’ అని రాయొచ్చా?

కాకినాడ కౌన్సిలర్:
హెచ్‌ఐవీ క్యూర్ పరిశోధనలో చేరేవాళ్ళు సంతకం పెట్టే సమ్మతి పత్రాన్ని తెలుగు చేస్తే ‘క్యూర్’ని ఏమనాలి? కొందరు ‘నివారణ’ అంటున్నారు. అది రాకుండా చూసుకోవడం, వేరే సంగతి. ‘నయం’ కూడా వద్దంటాను. ఆ మాట వినగానే అర్థమయ్యేది ఒకటే: ఇక మాత్ర మానేయొచ్చని.

భీమవరం ఫార్మసీ:
మరి పరిశోధన దేనికో ఎలా చెబుతారండీ? హెచ్‌ఐవీ ఉన్న తిమోతీ రే బ్రౌన్‌కి 2007లో, 2008లో మూలకణ మార్పిడి చేశారు. 2020లో లుకేమియా (రక్త క్యాన్సర్) తిరగబెట్టి చనిపోయేదాకా వైరస్ మళ్ళీ రాలేదు. అది నయం కాదా? అర్థం కాదని మాట దాచడం జనాన్ని లోకువ కట్టడమే.

కాకినాడ కౌన్సిలర్:
ఆ మార్పిడి చేసింది లుకేమియాకి. పైగా వైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే సీసీఆర్5 అనే ప్రోటీన్ దాత కణాల మీద లేదు. మరి పుట్టుకతోనే హెచ్‌ఐవీ సోకిన అమెరికాలోని మిసిసిపీ పాప? 2013లో నయమైందని పేపర్లన్నీ రాశాయి. మందు లేకుండా 27 నెలలు గడిచాక, 2014లో, వైరస్ బయటపడింది.

అమలాపురం ల్యాబ్:
పేరు తర్వాత, ముందు జరిగేది చెప్పండి. వేసవిలో కాలువ కట్టేస్తే గుర్రపుడెక్క ఎండిపోతుంది. జూన్‌లో నీళ్ళొదలగానే బురదలో ఉన్న గింజ మొలుస్తుంది. నిద్రాణంగా ఉన్న సీడీ4 అనే రోగనిరోధక కణాల్లో వైరస్ కూడా అంతే. వైరల్ లోడ్ పరీక్ష రక్తంలో తేలేదాన్నే లెక్కపెడుతుంది, కణంలో దాక్కున్నదాన్ని కాదు. అందుకే ‘కనిపించలేదు’ అని రిపోర్టు వచ్చినవాళ్ళు కూడా మందు ఆపితే చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో తిరిగొస్తుంది.

కాబట్టి పరిశోధనలో టీఎల్‌డీ (రోజూ వేసుకునే హెచ్‌ఐవీ మాత్ర) ఎన్నాళ్ళు ఆపుతారు, ఎన్నాళ్ళకోసారి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం తీస్తారు, లోడ్ ఎంత దాటితే మందు మళ్ళీ మొదలెడతారు, ఇవన్నీ అంకెల్లో ఉండాలి. లోడ్ మిల్లీలీటరుకి 200 కాపీల లోపు నిలిచి ఉన్నంతకాలమే కలయికలో భాగస్వామికి సోకదు. మందు ఆపితే ఆ భరోసా పోతుంది. ఇది మొదటి పేజీలో ఉండాలి, ఎనిమిదో పేజీలో చిన్నక్షరాల్లో కాదు.

రాజోలు:
‘బాధితుడు’, ‘చికిత్సలో విఫలమైన రోగి’ కూడా కొట్టేయండి. 1983లో అమెరికాలోని డెన్వర్‌లో ఎయిడ్స్ ఉన్నవాళ్ళే మమ్మల్ని బాధితులనొద్దన్నారు. విఫలమైంది మందండీ, మనిషి కాదు.

భీమవరం ఫార్మసీ:
ఒప్పుకుంటా. కానీ ‘హెచ్‌ఐవీతో జీవిస్తున్న వ్యక్తి’ అని ప్రతి వాక్యంలో రాస్తే చదివేవాడికి ఊపిరాడదు. మొదట ఒకసారి రాసి, తర్వాత ‘మీరు’ అనండి, చాలు. నయం మీద మాత్రం తగ్గను. ‘నయం చేసే దారి వెతికే పరిశోధన ఇది. మీకు నయమవుతుందని చేరకండి.’ ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉంటే ఎవరికీ భ్రమ కలగదు.

కాకినాడ కౌన్సిలర్:
ఆ జంటని విడదీయకపోతే సరే. ‘నయం’ బదులు ‘ఉపశమనం’ మాత్రం వద్దు, బామ్ డబ్బా మీది మాట అది. చదివి వినిపించాక ‘మాత్ర మళ్ళీ ఎప్పుడు మొదలెడతారు?’ అని అడగండి. వాళ్ళ మాటల్లో జవాబు రాకపోతే సంతకం ఆ పూటకి ఆపండి.